పాలపన్ను దాచమని ఒకరు, తుంటి ఎముక తీయాలని మరొకరు: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు. నా భర్త బేల్దారి పనికి వెళతారు, ఎక్కువగా స్లాబులకు సెంట్రింగ్ కొడతారు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి. పుట్టుకతోనే గ్రహణమొర్రి. పెదవికి నెలల బిడ్డగా ఉన్నప్పుడు, అంగిలికి ఏడాది దాటాక ఆపరేషన్లు చేశారు. ఇప్పుడు పై చిగురు దగ్గర ఎముకలో ఖాళీ ఉందని, తుంటి నుంచి ఎముక తీసి అక్కడ నింపాలని, ఎక్కువ ఆలస్యం చేయవద్దని కర్నూలులో డాక్టర్లు చెప్పారు. ఈలోగా ఒక కంపెనీ మనిషి ఇంటికి వచ్చాడు. పాలపళ్లలో మూలకణాలు ఉంటాయని, వాటిని దాచుకుంటే తుంటి కోయకుండానే ఎముక తయారవుతుందని, రెండు మూడేళ్లు ఆగమని అన్నాడు. అరవై వేలు అవుతుందట, వాయిదాల్లో కట్టవచ్చట. ఆ కణాలు రేపు షుగరుకు, గుండెకు, మోకాళ్లకు కూడా పనికొస్తాయట. గాజులు కుదువ పెడదామా అని ఆలోచిస్తున్నాం. బాబుకు ఇంతవరకు ఊడిన పళ్లన్నీ మిద్దె మీదికి విసిరేశాం. పొరపాటు చేశామా? గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగినందువల్లే బిడ్డ ఇలా పుట్టాడని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. ఇప్పుడు వాడి తుంటి కూడా కోయించాలంటే మనసు రావడం లేదు.
— ఒక తల్లి, ఎమ్మిగనూరు

సమాధానం: అమ్మా, ముందు గాజుల సంగతి. వాటిని చేతికే ఉంచుకోండి. ఆ అరవై వేలు కట్టవద్దు. అంతకంటే ముఖ్యంగా, ఆ మనిషి మాట విని రెండు మూడేళ్లు ఆగవద్దు. పోయిన డబ్బు ఎలాగోలా మళ్లీ సంపాదించుకోవచ్చు. బాబుకు కోరపన్ను దిగే వయసు మాత్రం ఒక్కసారే వస్తుంది.

అలాగని ఆయన చెప్పినదంతా కట్టుకథ అని కొట్టిపారేయలేను. సగం నిజమే చెప్పాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

పాలపన్నులో మూలకణాలు, అంటే రకరకాల కణాలుగా మారగల కణాలు, ఉన్న మాట వాస్తవం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావ్ షి, వారి సహచరులు 2000లో పెద్దవాళ్ల జ్ఞానదంతాల లోపలి గుజ్జులో ఇలాంటి కణాలను గుర్తించారు. షి పిల్లల దంతవైద్యుడు కూడా. ఆ తర్వాత ఆయన ఆరేళ్ల కూతురికి పాలపన్ను ఒకటి ఊడింది. తండ్రీ కూతుళ్లు దాన్ని పట్టుకుని పరీక్షగా చూస్తే లోపల ఎర్రగా కాస్త కండలాంటి పదార్థం కనిపించింది. ఆయన దాన్ని పారేయకుండా ప్రయోగశాలకు తీసుకువెళ్లారు. ఆ పిల్లకు తర్వాతి పన్ను ఊడేసరికి కణాలను బతికించే ద్రవంతో సిద్ధంగా ఉన్నారు. అలా మొదలైన పరిశోధన 2003లో ప్రచురితమైంది. ఊడిన ఒక్కో ముందుపన్నులో, గాజుపళ్లెంలో అతుక్కుని పెరగగలిగిన కణాలు పన్నెండు నుంచి ఇరవై వరకు దొరికాయి. వేలు కాదు, లక్షలు కాదు, పన్నెండు నుంచి ఇరవై. వాటిని వారాల తరబడి పెంచి లక్షలు చేయాలి.

అదే పరిశోధనలో తేలిన మరో విషయం కంపెనీల కరపత్రాల్లో కనిపించదు. ఆ కణాలను ఎముక ఖనిజపు పొడితో కలిపి ఎలుకల చర్మం కింద పెట్టినప్పుడు ఎముక ఏర్పడింది. కానీ ఆ ఎముకను కట్టింది పాలపన్ను కణాలు కావు, ఎలుక సొంత కణాలే. పాలపన్ను కణాలు వాటిని పిలిచి, పురమాయించి పని చేయించాయి. ఇది చిన్న విషయమేమీ కాదు, శాస్త్రపరంగా చాలా ఆసక్తికరమైనది. అయితే ‘మీ బాబు పన్ను నుంచి ఎముక తయారవుతుంది’ అనే మాటకూ దీనికీ దూరం చాలా ఉంది.

మిద్దె మీదికి విసిరిన పళ్ల గురించి బెంగపెట్టుకోకండి. ఊడిన పన్నులో కణాలు బతకాలంటే దాన్ని తడి ఆరకుండా, చల్లగా, ప్రత్యేక ద్రవంలో ఉంచి ఒకటి రెండు రోజుల్లో ప్రయోగశాలకు చేర్చాలి. వేరు పూర్తిగా అరిగి దానంతటదే ఊడిన పన్నులో అసలు గుజ్జే మిగలకపోవచ్చు. మన ఎండలకు మిద్దె మీద పడిన పన్నులో ఏమీ ఉండదు. తరతరాలుగా పిల్లలు అలాగే విసిరేస్తున్నారు, మీ బాబూ విసిరాడు. మిగిలిన పళ్లు ఊడినప్పుడు కూడా నిశ్చింతగా విసరనివ్వండి.

ఇక ఎముక తయారు చేయడం గురించి. ఇది మీ ఆయనకు నాకంటే బాగా అర్థమవుతుంది. స్లాబు వేయాలంటే ముందు సెంట్రింగ్ కొట్టాలి కదా. కాంక్రీటు గట్టిపడేదాకా బరువంతా ఆ చెక్కలు, పలకలు మోస్తాయి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. ఎముక ఇంజనీరింగులో ఆ సెంట్రింగ్ పేరు స్కాఫోల్డ్. తేడా ఏమిటంటే దీన్ని ఊడదీయడానికి మళ్లీ కోత పెట్టలేం, అది ఒంట్లో దానంతటదే కరిగిపోవాలి. ఎముక గట్టిపడకముందే కరిగితే ఖాళీ కూలిపోతుంది. మరీ నిదానంగా కరిగితే కొత్త ఎముక రావలసిన చోటును అదే ఆక్రమించి కూర్చుంటుంది. ఈ లెక్క కుదర్చడానికే శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు.

ఆ స్కాఫోల్డును రకరకాల పదార్థాలతో చేస్తారు. మన ఎముకలో ఉండే ఖనిజానికి దగ్గరి చుట్టమైన హైడ్రాక్సీఅపటైట్ చాలా నెమ్మదిగా కరుగుతుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ దానికంటే త్వరగా కరుగుతుంది. అందుకే చాలామంది రెండింటినీ కలిపి వాడతారు. ఎముకలోనూ చర్మంలోనూ ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన స్పాంజి మెత్తగా, కణాలకు అనుకూలంగా ఉంటుంది కానీ బరువు మోయలేదు. ప్లాస్టిక్ లాంటివే అయినా ఒంట్లో కరిగిపోయే పాలిమర్లు ఉన్నాయి, వాటిని త్రీడీ ప్రింటర్‌తో కావలసిన ఆకారంలో అచ్చు వేయవచ్చు. ఏది వాడినా దాని నిండా రంధ్రాలు ఉండాలి, రంధ్రాలు ఒకదానిలోంచి మరొకదానిలోకి దారి ఇవ్వాలి. ఒక్కో రంధ్రం కనీసం 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు ఉండాలి. 300 మైక్రాన్లు దాటితే రక్తనాళాలు లోపలికి చొచ్చుకుపోవడానికి ఇంకా అనువుగా ఉంటుంది.

రక్తనాళాల దగ్గరే ఈ విద్య ఇంకా తడబడుతోంది. సాధారణంగా కణం రక్తనాళానికి 100 నుంచి 200 మైక్రాన్ల లోపల ఉంటేనే దానికి ప్రాణవాయువు అందుతుంది. ప్రయోగశాలలో కణాలు నింపిన ముక్కను తెచ్చి దవడలో పెడితే అంచుల్లోని కణాలకు చుట్టుపక్కల నుంచి రక్తం అందుతుంది. నడిమధ్యలో ఉన్నవి నాళాలు వచ్చేదాకా ఆకలితో చచ్చిపోతాయి. ఎలుక పుర్రెలో చిన్న రంధ్రాన్ని పూడ్చినంత సులువుగా మనిషి దవడను పూడ్చలేకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు మీరు బాగా గమనించవలసిన విషయం. ఎముక కట్టడానికి మూడు కావాలి: పని చేసే కణాలు, అవి నిలబడే స్కాఫోల్డ్, వాటికి ‘ఎముక కట్టండి’ అని చెప్పే రసాయన సంకేతాలు. కంపెనీ మనిషి అమ్ముతున్నది వీటిలో మొదటిది మాత్రమే, అది కూడా గడ్డకట్టించి. కర్నూలు డాక్టర్లు తుంటి నుంచి తీస్తామన్న మెత్తటి ఎముకలో మూడూ ఉన్నాయి. అందులో మూలుగ ఉంది, మూలుగలో ఎముక కట్టే మూలకణాలు ఉన్నాయి. సన్నటి ఎముక జాలీ ఉంది, అదే సహజమైన స్కాఫోల్డ్. సంకేతాలిచ్చే ప్రొటీన్లు కూడా అందులోనే ఉన్నాయి. బాబు సొంత ఒంటిదే కాబట్టి ఒళ్లు తిరస్కరించదు. వారాల తరబడి పెంచనక్కరలేదు, పక్క బల్ల మీద గిన్నెలో ఉంచి నిమిషాల్లో చిగురు దగ్గర నింపుతారు. పాత పద్ధతి అనుకుని మీరు భయపడుతున్నదే, నిజానికి బాబుకు నేడు దొరికే మూలకణాల చికిత్స. బాయిన్, శాండ్స్ అనే అమెరికన్ సర్జన్లు 1972లో ఈ వయసు పిల్లలకు తుంటి ఎముక నింపే పద్ధతి గురించి రాశారు. అర్ధశతాబ్దం గడిచినా కొత్తగా వచ్చిన ప్రతి పద్ధతినీ దీనితోనే పోల్చి చూస్తున్నారు.

మనుషుల్లో పంటి కణాలతో ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. ఇటలీలో ఒక బృందం జ్ఞానదంతాలు తీసిన గుంటల్లో పంటి మూలకణాలను కొల్లాజెన్ స్పాంజితో కలిపి నింపింది. 2009లో వెలువడిన ఫలితాల్లో ఎముక త్వరగా నిండింది, అందరూ సంతోషించారు. మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే అక్కడ పెరిగినది మామూలుగా ఆ చోట ఉండవలసిన జాలీలాంటి ఎముక కాదు, గట్టి దిమ్మలాంటి ఎముక. దానివల్ల ఆ మనుషులకు హాని జరిగిందని కాదు. కణాలు మనం చెప్పిన పనే చేస్తాయన్న భరోసా ఇంకా లేదని దాన్నిబట్టి తెలుస్తుంది.

మీ బాబుకు అచ్చంగా సంబంధించినది బ్రెజిల్ పని. సావో పాలోలో గ్రహణమొర్రి పిల్లలకే, వాళ్ల పాలపళ్ల కణాలను హైడ్రాక్సీఅపటైట్, కొల్లాజెన్ కలిసిన స్కాఫోల్డులో వేసి దవడ చీలికలో నింపారు. 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఎముక సంతృప్తికరంగా నిండింది, తుంటి నొప్పి తప్పింది. నాకు ఇది చదివి నిజంగా సంతోషం కలిగింది. కానీ అది కొద్దిమంది పిల్లల మీద, ఆసుపత్రి పర్యవేక్షణలో, అనుమతులతో జరిగిన ప్రయోగం. ఆ ఎముకలోంచి కోరపన్ను సరిగా దిగిందా, పదిహేనేళ్లకు ఎముక నిలిచిందా అన్నవి కాలం చెప్పాలి. బాబు మనవల కాలానికి ఇది మామూలు చికిత్స అయితే ఆశ్చర్యపోను. ఈ ఏడాది బాబుకు అది లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో మూలకణాల పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో జాతీయ మార్గదర్శకాలు ఇచ్చాయి. డబ్బు తీసుకుని దాచడానికి అందులో అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికి ఒక్కదానికే. పంటి నుంచి తీసిన కణాలను వ్యాపారంగా దాచడానికి అనుమతి లేదని ఆ మార్గదర్శకాల్లో స్పష్టంగా రాశారు. రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్పిస్తే, మూలకణాలను రోగికి వాడటం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే మనుషుల మీద పద్ధతిగా చేసే పరీక్షలోనే, జరగాలి. ట్రయల్ అయితే అది ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, మీకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవాలి. అన్నిటికంటే పెద్ద గుర్తు, ట్రయల్‌లో ఉన్న మందుకు మీరు డబ్బు కట్టరు. ‘పరిశోధన’ అంటూనే ‘వాయిదాలు’ అన్నవాడిని గుమ్మం దాటనివ్వకండి. ఇక ఒకే పన్నుతో షుగరు, గుండె, మోకాళ్లు అన్నీ నయం చేస్తానన్నవాడు జాతరలో తైలం అమ్మేవాడి కంటే ఏం మెరుగో మీరే చెప్పండి.

తుంటి గురించి మీ భయానికి వస్తాను. ‘తుంటి కోయడం’ అనే మాట వింటే తొడ కీలును తెరుస్తారేమో, బిడ్డ జన్మంతా కుంటుతాడేమో అనిపిస్తుంది. అక్కడ చేసేది అది కాదు. నడుము మీద చెయ్యి వేసుకుంటే ముందువైపు గట్టిగా తగిలే అంచు ఉంటుంది చూడండి, ఎముక తీసేది అక్కడ. కీలు జోలికి, కాలి పొడవు జోలికి వెళ్లరు. కోత రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ వయసు పిల్లల్లో ఎముక అంచున మెత్తటి మృదులాస్థి ఉంటుంది. దాన్ని మూతలా పైకెత్తి, లోపలి మెత్తటి ఎముకను చెంచాలాంటి పరికరంతో తోడి, మూతను మళ్లీ అమర్చి కుట్లు వేస్తారు. బాబు మత్తులో ఉంటాడు కాబట్టి అప్పుడేమీ తెలియదు. లేచాక మొదటి రెండు మూడు రోజులు నోటికంటే తుంటి దగ్గరే ఎక్కువ నొప్పి ఉంటుంది, దాచడం ఎందుకు. చాలామంది పిల్లలు మర్నాడో ఆ మర్నాడో పట్టుకుని నడుస్తారు, కొన్నాళ్లు కొద్దిగా కుంటుతారు. కొన్ని వారాలు పరుగులు, గెంతులు, కబడ్డీ మానాలి. కొద్దిమందికి తొడ బయటివైపు కాస్త తిమ్మిరి ఉంటుంది, ఎక్కువగా అదీ తగ్గిపోతుంది. రక్తం చేరడం, చీము పట్టడం అరుదు, అయినా వాటి గురించి సర్జన్ మీకు ముందే చెప్పాలి. నింపిన ఎముకలో కొంత అరిగిపోవచ్చు, కొద్దిమందికి మళ్లీ నింపవలసి వస్తుంది. ఇది కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఆలస్యం చేయవద్దని డాక్టర్లు ఎందుకన్నారో చెబుతాను. పై దవడ చీలిక పక్కనే ఎముక లోపల కోరపన్ను తయారవుతూ ఉంటుంది. దాని వేరు సగం నుంచి మూడింట రెండు వంతులు ఏర్పడిన దశలో చీలికను ఎముకతో నింపితే, పన్ను ఆ కొత్త ఎముకలోంచి దారి చేసుకుని దిగుతుంది. పన్ను దిగుతున్నకొద్దీ ఎముక కూడా దానితో గట్టిపడుతుంది. ఇది సాధారణంగా ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య వచ్చే అవకాశం. పుట్టినరోజు లెక్క కాదు, ఎక్స్‌రేలో వేరు ఎంత వచ్చిందన్న లెక్క. కోరపన్ను ముందే ఖాళీలోకి దిగిపోతే దానికి పట్టు ఉండదు, తర్వాత నింపిన ఎముక నిలవడం కూడా కష్టమవుతుంది. ముక్కులోకి నీళ్లు, గంజి పోయే సన్నటి దారి మిగిలి ఉంటే అది కూడా ఈ ఆపరేషన్‌తోనే మూసుకుంటుంది. ముక్కు అడుగుకు ఆధారం దొరుకుతుంది. ‘రెండు మూడేళ్లు ఆగండి’ అన్న సలహా ఈ అవకాశాన్నే తినేస్తుంది, అందుకే ఆ మాట చదవగానే నాకు కోపం వచ్చింది.

గ్రహణం మాట మీ అత్తగారికి ఇలా చెప్పండి. కడుపులో బిడ్డ పెదవి కలిసేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి కలిసేది ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతి ఖాయమయ్యేలోపే పెదవి పని ముగిసిపోతుంది. అది కలవకపోవడానికి జన్యువులు, ఇంకా కొన్ని కారణాలు కలిసి పనిచేస్తాయి. ఆకాశంలో పడే నీడకు, వంటింటి కత్తిపీటకు అందులో చోటు లేదు. మీ తప్పేమీ లేదమ్మా. మీకు మళ్లీ బిడ్డను కనే ఆలోచన ఉంటే మాత్రం ముందునుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రల గురించి డాక్టరును అడగండి.

ఇప్పుడు ఏం చేయాలి? ఖర్చు గురించి అప్పు చేసే ముందు కర్నూలు సర్వజన వైద్యశాలలోనూ, మీకు ఆపరేషన్ చెప్పిన ఆసుపత్రిలోనూ వైద్యసేవ పథకం కౌంటరులో కూర్చునే మిత్రను కలిసి, ఈ ఆపరేషన్ పథకంలో వస్తుందా అని అడగండి. రేషన్ కార్డు, ఆధార్, పాత ఆపరేషన్ల కాగితాలు దగ్గర పెట్టుకోండి. బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పరీక్షించే సమస్యల్లో గ్రహణమొర్రి ఒకటి, వాళ్ల ద్వారా కూడా పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉంటుంది. గ్రహణమొర్రి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించే స్మైల్ ట్రైన్ సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రులు ఉన్నాయి, మీ సర్జన్‌కు తెలిసే ఉంటుంది. మరో డాక్టరు అభిప్రాయం కావాలంటే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళితే కర్నూలులో తీసిన ఎక్స్‌రేలు వెంట తీసుకువెళ్లండి.

ఆపరేషన్‌కు ముందు బాబు నోట్లో పుచ్చిన పళ్లుంటే బాగు చేయించాలి. చిగుళ్లలో చీము ఉంటే నింపిన ఎముక నిలవదు. చీలిక దగ్గర వంకరగా ఉన్న పాలపన్నును తీయాలంటే కొన్ని వారాల ముందే తీస్తారు, చిగురు మానాలి కాబట్టి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మెత్తటి తిండే పెట్టాలి. పప్పన్నం బాగా మెదిపి, జావ, మజ్జిగ, గుడ్డు ఉడికించి నలిపి పెట్టవచ్చు. వేరుశనగలు, మురుకులు, చెరుకు ముక్కలు వాడి కంటపడకుండా చూడండి. ముక్కు గట్టిగా చీదకుండా చూడాలి. మీ ఆయనకు బీడీ అలవాటుంటే ఇంట్లో, ముఖ్యంగా బాబు దగ్గర, పూర్తిగా మానాలి.

ఒక్క సంగతి మాత్రం ఈ నెలలోనే తేల్చుకోండి. చాలామంది పిల్లలకు ఎముక నింపే ముందు పై దవడను క్లిప్పులాంటి పరికరంతో కాస్త వెడల్పు చేయవలసి ఉంటుంది. ఆ పని పంటి వరసలు సరిచేసే డాక్టరుది, దానికి నెలలు పడుతుంది. బాబుకు అది అవసరమా, కోరపన్ను వేరు ఎంతవరకు వచ్చింది అని అడగండి. అవసరమంటే ఆపరేషన్ తేదీ కోసం చూడకుండా ఆ పరికరం ఇప్పుడే మొదలుపెట్టించండి.